మాసన్ లేక్స్ శనగలు

పప్పుధాన్యాల పరిశోధనలోకి కొత్తగా వచ్చిన పిల్లలు మా ఇంటికొస్తే మొదట అడిగే ప్రశ్న ఒకటే: "అంకుల్, ఇప్పుడు ఏ టాపిక్‌కి డిమాండ్ ఉంది?" వాళ్లను తప్పుపట్టను. చీరల అంచుల్లాగే మా పరిశోధనలకూ కాలాన్నిబట్టి మోజులుంటాయి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు అందరూ దిగుబడి అన్నారు. తర్వాత తెగుళ్లన్నారు. ఆ తర్వాత చేలో దిగడమే నామోషీ అయిపోయింది, జన్యువుల గుర్తులు చదివే యంత్రం పక్కన కూర్చోనివాడు శాస్త్రవేత్తే కాదన్నారు. ఇప్పుడు ఏ ప్రాజెక్టు దరఖాస్తు తిరగేసినా మొదటి పేజీలోనే 'పంటల వైవిధ్యం' అని ఉంటుంది. మంచిదే. కాకపోతే మా రోజుల్లో చేలో ఆ వైవిధ్యానికి ఇంకో పేరుండేది. కేళీలు అనేవాళ్లం.

విత్తనం పండించే ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ మాట తెలుసు. ఒకే రకం వేసిన చేలో ఒక మొక్క మిగతావాటికంటే పొడుగ్గా పెరిగినా, ముందే పూసినా, పువ్వు రంగు మారినా అది కేళీ. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నమాట. దాన్ని ఉంచితే విత్తనం కల్తీ అవుతుంది కాబట్టి పీకి గట్టు మీద పారేయాలి. మన వ్యవసాయ కళాశాలల్లో ఈ పాఠం ఎండలో నిలబెట్టి నేర్పిస్తారు. ఒక్క కేళీ వదిలేస్తే వరుస మొత్తం మళ్లీ తిరగమంటారు. నేను చెప్పబోయేది ఆ పాఠం చాలా బాగా వచ్చిన ఒక కుర్రాడి సంగతి.

మాది నంద్యాల వైపు. ఆ రోజుల్లో నేను అడిలైడ్‌కు ఉత్తరాన ఒక పరిశోధనా కేంద్రంలో పప్పుధాన్యాల విత్తన నిధి చూసుకునేవాణ్ని. విత్తన నిధి అంటే పెద్ద చలిగది. దాని నిండా అరలు, అరల్లో వెండిరంగు పొట్లాలు. శనగ, మసూరు, బఠాణీ, ఉలవ, ఇంకా మీరు పేరు కూడా విని ఉండని పప్పుగింజలు. ఎప్పుడెప్పుడో ఎవరెవరో ఇరాన్ కొండల్లో, ఇథియోపియా సంతల్లో, మన దక్కన్ పల్లెల్లో రైతుల దగ్గర గుప్పెడేసి అడిగి తెచ్చినవి. ప్రతి పొట్లం మీదా సేకరించిన ఊరు, సేకరించినవారి పేరు ఉంటాయి. శనగ అరలో ఒక పొట్లం మీద మా అమ్మమ్మగారి ఊరికి ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఊరి పేరుండేది. చేరిన మొదటి వారంలో అది కంటబడ్డప్పుడు చుట్టం కనిపించినట్టయింది నాకు.

చలిగదిలో పెట్టినంత మాత్రాన గింజ శాశ్వతం కాదు. కొన్నేళ్లకోసారి బయటికి తీసి, చేలో వేసి, కొత్త గింజ తీసుకుని మళ్లీ లోపల పెట్టాలి. లేకపోతే మెల్లగా మొలక శక్తి పోతుంది. ఆ ఏడు శనగల వంతు వచ్చింది. మామూలుగా సగం గింజ లోపల ఉంచి సగమే వేస్తాం. కానీ కొన్ని పాత పొట్లాల్లో ఉన్నదే కొంచెం, అందులోనూ సగం మొలకెత్తేలా లేదు. వాటిని మాత్రం ఉన్నదంతా వేసేశాం. మా అమ్మమ్మ వైపు ఊరి పొట్లమూ వాటిలో ఒకటి. అది మా పెద్దావిడ నిర్ణయం. పెద్దావిడంటే నిధికి అధికారి, వెడల్పాటి టోపీ పెట్టుకుని చేలల్లోనే ముసలిదైన ఆస్ట్రేలియన్. అందరూ ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్లు. నాకు పెద్దవాళ్లను పేరుపెట్టి పిలవడం నోరు రాదు కాబట్టి చివరిదాకా డాక్టర్ అనే పిలిచాను. మాట తక్కువ మనిషి. కోపమొస్తే ఆ కాస్త మాటా పోయేది.

మా నిధికి డబ్బిచ్చేది రైతులే. గింజ అమ్మినప్పుడు వాళ్లు కట్టే రుసుములోంచి పరిశోధనకు కొంత వస్తుంది. దాన్ని దేనికి ఖర్చుపెట్టాలో ఒక కమిటీ చూస్తుంది, అందులో ఎక్కువమంది రైతులు. ఆ ఏడాది వాళ్లకు మా నిధి మీద గురి తప్పింది. అమ్ముడుపోని పాత గింజలను చల్లగా దాచడానికి ఇంత డబ్బెందుకన్నది ప్రశ్న. అక్టోబరు చివర్లో మా కేంద్రంలో పంటల ప్రదర్శన దినం ఉంది. ఆ రోజు వచ్చి కళ్లారా చూసి, తర్వాత నిర్ణయిస్తామన్నారు.

ఆ నిర్ణయానికి ఇంకో మనిషి బతుకు కూడా ముడిపడి ఉంది. కొత్త శనగ రకాలు తయారుచేయడానికి వచ్చిన కుర్ర డాక్టరు. వరంగల్ వైపు అబ్బాయి. కాంట్రాక్టు ఉద్యోగం, ఆ జీతమూ అదే కమిటీ డబ్బు. పని రాక్షసుడు. పొద్దున మా కంటే ముందే చేలో ఉండేవాడు. నన్ను మొదట సార్ అన్నాడు, మా ఇంట్లో ఒకసారి బిర్యానీ తిన్నాక అన్నా అన్నాడు. అతని భార్య సిడ్నీలో ప్రోగ్రామరు. అప్పుడు వైటూకే జోరు. కంప్యూటర్లలో ఏడాదిని రెండంకెల్లో రాశారని, రెండువేలు రాగానే అన్నీ తలకిందులవుతాయని లోకమంతా గాభరా పడుతుంటే, మనవాళ్లు విమానాల నిండా వచ్చి దిగుతున్నారు. అతను ఇక్కడ, ఆవిడ బ్లాక్‌టౌన్‌లో. ఆవిడ జీతం ఇతనికి రెండింతలు. మేమంతా ఉండే అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లో టెక్నాలజీ పార్కు కుర్రాళ్లు ఇతన్ని 'పప్పు డాక్టర్' అని ఏడిపించేవాళ్లు. పార్టీల్లో తనూ నవ్వేవాడు, కారెక్కాక నవ్వేవాడు కాదు.

ప్రదర్శనకు ముందు వారం నన్ను సిడ్నీ పంపారు. మా విత్తనాల వివరాలన్నీ వైటూకేకి తట్టుకునే కొత్త కంప్యూటర్ పద్ధతిలోకి మార్చడానికి శిక్షణ. పెద్దావిడ అప్పటికే పెర్త్‌లో ఏదో సమావేశంలో ఉంది. వెళ్తూ కుర్ర డాక్టరుకు చెప్పింది, తన మడులతో పాటు మా దేశవాళీ మడులు, అంటే చలిగది పొట్లాల గింజ వేసినవి, కూడా కాస్త శుభ్రం చేయించమని. ఆమె ఉద్దేశం కలుపు తీయించి, వాలిపోయిన గుర్తు కర్రలు నిలబెట్టమని.

శిక్షణ అయ్యాక కుర్ర డాక్టరు భార్య నన్ను బ్లాక్‌టౌన్‌లో భోజనానికి పిలిచింది. ముగ్గురు అమ్మాయిలు కలిసి ఉండే అపార్ట్‌మెంట్. అన్నం పెట్టి, ఒక కారప్పూస డబ్బా చేతికిచ్చి, ఆ తర్వాత అసలు మాట చెప్పింది.

"అన్నా, మా కంపెనీ వాళ్లు ట్రైనింగ్ పెడుతున్నరు. ఆయనకోసం ఒక సీటు అడిగి పెట్టిన. ఈ నెలాఖరు వరకే ఆగుతరంట. ఫోన్‌ల చెప్తే నా మాట పట్టించుకుంటలేడు. మీరన్నా చెప్పరాదు? గా పప్పులు ఎవ్వరన్న చూసుకుంటరు గదా."

చెబుతానన్నాను. వచ్చే వారం ఎవరో హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి కారులో తీసుకెళ్తామన్నారని, అక్కడ మొక్కుకుంటానని కూడా చెప్పింది. ఏమని మొక్కుకుంటావని నేను అడగలేదు. నిజానికి ఆవిడ అడిగిందాంట్లో అన్యాయం ఏమీ లేదు, పెళ్లయి మూడేళ్లు కూడా కాలేదు వాళ్లకు.

ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి వంటింట్లోంచి ఘుమఘుమ. మా ఇంట్లో సగం ఉర్దూ, సగం తెలుగు. మా పాప మాత్రం రెండూ విని ఇంగ్లీషులో జవాబిస్తుంది. ఆ రోజు ఏ భాషా లేదు, తల్లీ కూతురూ తలొంచుకుని తింటున్నారు. పచ్చి శనగలేసిన ఖీమా. ఆ వంట మేం నంద్యాల వదిలాక తినలేదు, ఎందుకంటే పచ్చి శనగలు అడిలైడ్‌లో కొందామన్నా దొరకవు. నేను కాళ్లు కూడా కడుక్కోకుండా కూర్చుని నాలుగు ముద్దలు తిన్నాక అడిగాను, శనగలెక్కడివని. మీ డాక్టరు నిన్న మొక్కలకు మొక్కలే కట్టలు కట్టి తెచ్చాడంది మా ఆవిడ. చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ పంచాడట. మిగిలిన కట్ట వంటింటి గట్టు మీదే ఉంది చూడమంది.

చూశాను. ఒక మొక్కకు ఊదారంగు పూలు, ఒకదానికి తెల్లవి. ఒకదాని కాండం ఎర్రగా ఉంది, ఇంకోదాని ఆకు వేలిగోరంత. కొన్నిటి కాయలు లేతగా, కొన్నిటివి పసుపెక్కి ముదురుగా. ఇలాంటి కలగలుపు మొక్కలు ఆ రాష్ట్రం మొత్తంలో ఒకే ఒక్క చోట ఉంటాయని నాకు తెలుసు. చెయ్యి కడుక్కుని అతనుండే యూనిట్‌కి వెళ్లాను.

తలుపు తీస్తూనే ముఖం వెలిగిపోతోంది అతనికి. "మడులు సూసినవా అన్నా? శుక్రవారం, శనివారం ఒక్కన్నే కూసొని ఏరిన. దేశవాళీ మడులల్ల ఎన్ని కేళీలుండెనో! ఇప్పుడు సూడు, గడ్డం గీసినట్టు నున్నగున్నయి. ఇగ కమిటీ వాళ్లు ఏమంటరో సూద్దాం."

నాకు కోపం కంటే ముందు నీరసం వచ్చింది. "నాయనా, అవి మడికొక రకం కాదు. మడికొక ఊరు. ఒక్కో ఊళ్లో రైతులు కలిపి వేసుకునేదంతా అట్లనే కలిపి తెచ్చినారు. నువ్వు ఏరినవే అందులో విశేషం," అన్నాను.

అతనికి అర్థమవడానికి పెద్దగా సమయం పట్టలేదు, చదువుకున్నవాడు. తలుపు పట్టుకునే నిలబడ్డాడు. లోపల గింజ దాచి ఉంటారు కదా అని మెల్లగా అడిగాడు. కొన్నిటికి ఉంది, పాతవాటికి లేదు, ఉన్నదంతా వేసేశామని చెప్పాను. మిగతా కుప్ప ఏమైందని అడిగితే, తెగులు భయంతో పీకిన మొక్కలను కేంద్రంలో ఉంచకూడదన్న నియమం ప్రకారం శనివారం సాయంత్రమే తగలబెట్టించేశానన్నాడు. తెగులు నియమం గుర్తున్నవాడు మొక్కలను ఇంటింటికీ మోసుకెళ్లకూడదన్న నియమం ఎలా మరిచిపోయాడని అడగబోయి ఊరుకున్నాను. పచ్చి శనగల కట్ట చూస్తే మనవాళ్లకు నియమాలు గుర్తుండవు. ఆ మడులకు మందు కొట్టలేదు, అదొక్కటే అదృష్టం.

వరంగల్‌లో, నంద్యాలలో, ఒంగోలులో, ఎక్కడ చదివినా అతని స్థానంలో మనవాళ్లెవరున్నా అదే చేసేవాళ్లు. ఆస్ట్రేలియా కుర్రాడైతే వారాంతం సెలవని బీచికి వెళ్లేవాడు, మడులు బతికేవి. సెలవు రోజు మానుకుని, ఎవరూ అడగని చాకిరీ చేసి, అధికారి వచ్చేసరికి తళతళలాడించాలన్న బుద్ధి మన చదువులు పెట్టినది. ఆ బుద్ధి నాకూ ఉంది కాబట్టే అతన్ని తిట్టలేకపోయాను.

తినగా మిగిలినవి ఏమైనా ఉంటాయేమోనని ఇద్దరం ఇంటింటికీ బయల్దేరాం. మాసన్ లేక్స్ అప్పుడప్పుడే లేస్తున్న కాలనీ. కొత్త ఇళ్లు, కొత్త కార్లు, కొత్త వీసాలు. పంచినవాడే తిరిగొచ్చి తొక్కలైనా ఉన్నాయా అని అడుగుతుంటే వాళ్లు వింతగా చూశారు. ఒక ఇంట్లో ఉప్పేసి ఉడకబెట్టేశారు. ఒక ఇంట్లో ఆ ఉదయమే బార్బీలో, అంటే పెరట్లో నిప్పుల మీద, కాల్చుకుని తిన్నారు, బూడిదలో రెండు మూడు కాయలు కనిపిస్తే డాక్టరు ఆశగా ఒలిచి చూసి పారేశాడు. ఇంకొకరు చెత్తడబ్బా చూపించారు. దాన్ని లాన్ మీద ఒంపి, మోకాళ్ల మీద కూర్చుని, తొక్కల మధ్య గింజలు వెతికాడతను. పక్కింటి ఆస్ట్రేలియన్ ఉంగరం పోయిందా అని అడిగాడు. అలాంటిదేనన్నాను.

చివరి ఇంట్లో గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దామె ఉంది. ఆమెకు ఇచ్చిన కట్టలో కాయలు ఎక్కువ ముదిరి ఉండటంతో తినకుండా వెనక వరండాలో తువ్వాలు పరిచి ఎండబెట్టింది. విషయం చెప్పాం.

"ఇచ్చింది మళ్లీ అడగటానికి మొహమాటంగా లేదంటయ్యా?" అంది ఆమె. "రెండ్రోజులు ఆగితే తాలింపులోకి వచ్చేవి." అంటూనే తువ్వాలు నాలుగు కొసలూ పట్టి మూటగట్టి డాక్టరు చేతిలో పెట్టింది. అతను ఆమె కాళ్లకు దణ్ణం పెట్టబోతే, శనగలకు ఇంత భక్తా అని నవ్వింది.

అన్ని ఇళ్లూ తిరిగితే, మా ఇంటి కట్టతో కలిపి పోగైంది చిన్న గిన్నెడు కాయలు. అందులో గింజ కట్టి, మొలిచే ఆశ ఉన్నవి సగం. పైగా అన్నీ కలిసిపోయాయి. ఏ గింజ ఏ మడిదో, ఏ ఊరిదో చెప్పే మార్గం లేదు. విత్తన నిధిలో ఊరు తెలియని గింజకు విలువ లేదు. మా అమ్మమ్మ వైపు ఊరి గింజ అందులో ఉందో, మా ఖీమాలో పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

సోమవారం పెద్దావిడ వచ్చింది. దాచే ఉద్దేశం కుర్రవాడికి లేదు, గేటు దగ్గరే నిలబడి చెప్పేశాడు. ఆమె మాట్లాడకుండా మడుల వెంట ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. ప్రతి మడి దగ్గరా ఆగింది. ఒకటే ఎత్తు, ఒకటే పువ్వు. తిరిగొచ్చి యూట్ అనే చిన్న ట్రక్కు వెనక తలుపు దించి దాని మీద కూర్చుంది. "శుభ్రం చేయమన్నది నేనే," అంది. ఆ తర్వాత అతని వైపు తిరిగి చెప్పింది: "గురువారం రైతులు ఈ మడుల గురించి అడుగుతారు. నువ్వే జవాబు చెప్పు. ఏం చెప్పాలో నేను చెప్పను."

ఆమె నన్ను అడిగుంటే నేనొకటి చెప్పేవాణ్ని. ఏమీ చెప్పొద్దు. మడులు అందంగా ఉన్నాయి, చూసి వెళ్తారు, డబ్బిస్తారు, మిగిలినవాటినైనా కాపాడుకోవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమెందుకు? నాకిద్దరు పిల్లల్లాంటి వాళ్లు, ఆ నిధి ఒకటి, ఆ కుర్రాడొకడు. నిజం చెబితే ఇద్దరూ పోయేలా ఉన్నారు. బుధవారం కారప్పూస డబ్బా ఇస్తూ భార్య చెప్పమన్న మాట అతనికి చెప్పాను. నెలాఖరు ఆదివారమే వస్తోందని కూడా అన్నాను. "రేపు కానియ్యి అన్నా," అన్నాడంతే.

గురువారం ఎండ బాగా కాసింది. యూట్లు వరసగా ఆగాయి. షెడ్డు పక్కన బార్బీ మీద సాసేజులు కాలుతున్నాయి. కమిటీ పెద్ద ఉత్తరాన గోధుమ, శనగ వేసే రైతు. అంతకుముందు ఏడు ఆకూ కాండమూ మాడ్చే తెగులొచ్చి అతని శనగ మొత్తం పోయింది. అతనొక్కడిదే కాదు, చాలామందిది. అందరూ కలిసి మా మడుల దగ్గరికి వచ్చారు. ఆయన మొదటి మడి చూశాడు, రెండోది చూశాడు, టోపీ వెనక్కి నెట్టాడు.

"ఈ కేంద్రానికి ఎన్నేళ్లుగానో వస్తున్నాను. దేశవాళీ మడులను ఇంత శుభ్రంగా ఎప్పుడూ చూడలేదు. ఎవరి పని ఇది?"

పెద్దావిడ నేలకేసి చూస్తోంది. నేను డాక్టరు వైపు చూశాను. థాంక్యూ అనెయ్ అని మనసులో అనుకున్నాను. ఒక్క మాట. దాంతో అతని కాంట్రాక్టు పొడిగించేవాళ్లు, బ్లాక్‌టౌన్‌లో ఆవిడ ఏడ్చేదేమో గానీ ఇతను ఇష్టపడ్డ పని చేసుకుంటూ బతికేవాడు.

అతను టోపీ తీశాడు. "నా పనే. కానీ ఇది శుభ్రం కాదు. వేరుగా కనిపించిన ప్రతి మొక్కనూ పీకేశాను. మీరిన్నేళ్లు డబ్బు కట్టి దాచుకున్నది ఆ వేరుగా ఉన్నవాటినే. నాకు అది తెలిసేసరికి ఆలస్యమైంది."

ఆ రైతు అడిగాడు: "నువ్వు పీకినవాటిలో పోయినేడు మాకొచ్చిన తెగులును తట్టుకునేది ఉండేదా?"

"తెలియదు. ఇప్పుడు తెలుసుకునే దారి కూడా లేదు."

రైతు మళ్లీ మడుల వైపు తిరిగాడు. ఈసారి చూపు వేరుగా ఉంది. "నా చేను కూడా ఇలాగే నున్నగా ఉండేది," అన్నాడు, "తెగులు రాకముందు." ఆ తర్వాత సాసేజుల దగ్గరికి నడిచాడు. మిగతావాళ్లూ వెళ్లారు. కుర్ర డాక్టరు టోపీ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి ఉంటే పెద్దావిడ వెళ్లి అతని పక్కన నిలబడింది. ఆ రోజు అతన్ని చూసి నేను గర్వపడ్డాను, నేను మనసులో ఇచ్చిన సలహాకు సిగ్గుపడ్డాను.

కొన్ని వారాలకు నిర్ణయం వచ్చింది. నిధికి డబ్బు ఇస్తారు. పోతే ఏం పోతుందో తమకు మొదటిసారి అర్థమైందని కమిటీ పెద్ద పెద్దావిడతో అన్నాడట. కొత్త రకాల ఉద్యోగం మాత్రం జూన్ తర్వాత ఉండదు. అది శిక్ష కాదు, ఆ డబ్బు జన్యువుల ప్రయోగశాలకు మళ్లించామన్నారు. నమ్మాలనుకున్నవాళ్లు నమ్మారు.

రెండువేల సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లు ఏమీ కాలేదు. వైటూకే పనులన్నీ ఒక్కసారి ఆగిపోయి, కుర్ర డాక్టరు భార్య కాంట్రాక్టు కూడా ముగిసింది. మాసన్ లేక్స్‌లో ఇతన్ని ఏడిపించినవాళ్లలో సగంమంది ఉద్యోగాలు వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఇతను మాత్రం జూన్ వరకు చేలోనే ఉన్నాడు. జూన్‌లో శనగ వేసే అదను రాగానే పెద్దావిడ ఆ గిన్నె గింజలు అతనికి తెచ్చిచ్చి, మా మడుల చివర వేయమంది. ఊరులేని గింజలు నిధిలోకి రావడానికి రూల్సు ఒప్పుకోవు కదా అన్నాన్నేను. వేస్తే తప్పులేదు కదా అంది. అతను గింజకు గింజకూ మధ్య జానెడు వదిలి, దేనికదే కర్ర పాతి వేశాడు. మొలకలు కనిపించిన వారానికి బ్లాక్‌టౌన్ వెళ్లిపోయాడు. బస్‌స్టాండులో దింపొచ్చాను.

ఆ గింజల్లోంచి తెగులును జయించిన మహా రకం పుట్టిందని చెబితే కథ బాగుండేది. పుట్టలేదు. కొన్ని చచ్చిపోయాయి, కొన్ని పర్వాలేదనిపించాయి, ఒకటి మాత్రం త్వరగా కోతకు వస్తుందని తర్వాత ఎవరో సంకరంలో వాడుకున్నారు. అంతే. పరిశోధనలో చాలావరకు ఇలాగే ఉంటుంది, పిల్లలూ. కాకపోతే ఆ తర్వాత మా కేంద్రంలో సగం గింజ దాచకుండా ఏ పొట్లమూ చేలోకి వెళ్లలేదు. కేళీలు ఏరేవాడు ముందు ఏ మడిలో ఉన్నాడో అడగాలన్నది కొత్తవాళ్లకు మొదటిరోజే చెప్పేవాళ్లం.

చాలా ఏళ్ల తర్వాత, నేను రిటైరయ్యే ముందు ఏడు, అతను ఫోన్ చేశాడు. కూతురు మాసన్ లేక్స్‌లో యూనివర్సిటీలో చేరే ఆలోచనలో ఉందట, చూపించడానికి వచ్చాడు. జుట్టు పలచబడింది. ఒక బ్యాంకులో డేటాబేసులు చూస్తాడు. బాగానే ఉన్నామన్నా అన్నాడు. అబద్ధంలా అనిపించలేదు. ఆ మధ్యాహ్నం తండ్రీ కూతుళ్లను చలిగదికి తీసుకెళ్లాను. పెద్దావిడ రిటైరై వెళ్లిపోతూ చేసిన చివరి పనుల్లో ఒకటి అతనికి చూపించాల్సి ఉంది.

శనగ అరలో చివరి వరస నుంచి ఒక పొట్లం తీసి చేతికిచ్చాను. పొట్లం మీద మిగతా అన్నిటి మీద ఉన్నట్టే ఉంది. సేకరించిన ఊరు అన్న చోట మాసన్ లేక్స్. సేకరించినవారు అన్న చోట అతని పేరు.

అతను దాన్ని వెలుతురుకేసి పట్టుకుని మళ్లీ చదివాడు. కూతురు తొంగి చూసి, "డాడ్, యూ ఫౌండ్ దీజ్?" అని అడిగింది. అతను కళ్లు తుడుచుకున్నాడు, చలి వల్ల కాదు.

"ఇంకా మొలుస్తున్నయా అన్నా?" అన్నాడు.

"పోయిన జూన్‌లో నేనే వేసినాను," అన్నాను. "మొలిచినాయి. ఒక్కటి కూడా పక్కదాని మాదిరి లేదు."